అదృష్టము అను మాట

పంట ఇల్లు చేరినచో అదృష్టమందుము, చేరనిచో దురదృష్టమందుము. దినమునకు ఎన్నిమారులు ఈ మాటను పలుకుదుమో లెక్క లేదు. కాని అర్థమును తరచి చూచినచో ఇందు మేలును లేదు, కీడును లేదు. దృష్టము కానిది, అనగా కంటికి కానరానిది అదృష్టము, అంతియే.

కణాదుని వైశేషిక సూత్రములలో ఈ పదమునకు పెద్దపీట కలదు. సూది అయస్కాంతము వైపు జరుగుటకును, అగ్నిజ్వాల పైకెగయుటకును కారణమేమన్న, అదృష్టమని అందలి సమాధానము. కారణము లేదని కాదు, కానరాదని భావము. మనుజుడు చేసిన మంచిచెడ్డలు కనబడక నిలిచి, కాలాంతరమున ఫలమిచ్చు శక్తికిని ఇదియే పేరైనది. మన పెద్దలు “పెట్టి పుట్టవలె” అనుటలో ఆ పాత అర్థము నేటికిని జీవించియున్నది. “నక్కతోక తొక్కి వచ్చినాడు” అనుటలో మాత్రము కర్మ ప్రసక్తి లేదు, కేవలము కాకతాళీయమే.

భాగ్యమన్న మాట త్రోవ వేరు. అది భాగమునుండి పుట్టినది; మన వంతునకు వచ్చినదే భాగ్యము. 1948 వరకు సాగిన నిజాము పాలనలో నసీబు, కిస్మతు అను మాటలు ఉర్దూ ద్వారమున తెలంగాణమున ఇంటింట నిలిచినవి. అరబ్బీలో నసీబనగా వాటాయే, కిస్మతనగా పంపకమే!

ఈ వాటా సంగతి ఇటిక్యాల సీమవారికి చక్కగా తెలియును. కృష్ణా తుంగభద్రల నడుమ నుండుటచే ఈ సీమను నడిగడ్డ యందురు. ఇటిక్యాలకు చేరువ బీచుపల్లి వద్ద కృష్ణమ్మ పారుచున్నది. ఇరువైపుల నదులుండియు, ఇచటి చేలు దీర్ఘకాలము వాన కొరకే ఎదురుచూచినవి. 2009 అక్టోబరులోనో, వరద పొంగి అలంపురమును ముంచినది. ఎండినను మునిగినను “తలరాత” యని నుదురు కొట్టుకొనుట లోకసహజము.

కాని తుంగభద్రపై గల రాజోలిబండ ఆనకట్ట కథను చూడుడు. దాని కాలువ క్రింద నడిగడ్డలో 87,500 ఎకరముల ఆయకట్టు కలదు. 1976లో ప్రకటితమైన బచావతు ట్రిబ్యునలు తీర్పు ఇందులకు 15.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించినది. అయినను కాలువ చివరి పొలములకు ఏండ్ల తరబడి ఆ నీరు పూర్తిగా చేరలేదు. ఆ కొరత తీర్చుటకే 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల వెలసినది. ఈ వాటా నుదుట వ్రాసినది కాదు, కాగితముపై వ్రాసినది.

వాన కురియుట మన చేతిలో లేదు. దానిని అదృష్టమన్న తప్పు లేదు. పంచి ఈయవలసిన నీరు అందకపోవుటయో, అందరికిని కానవచ్చు విషయము. కానవచ్చుదానిని అదృష్టమనుట మాటకును అన్యాయము, రైతునకును అన్యాయము.