మొలకల చరిత్ర: కడగడం తక్కువైనా జాగ్రత్త తగ్గరాదు

వాడరేవు అన్న పేరులోనే ఓడ ఉన్నది. ‘వాడ’ అంటే ఓడ, వాడరేవు అంటే ఓడలు ఆగే చోటు. చీరాలకు ఆనుకొని ఉన్న ఈ తీరానికి దాపుననే కాకతీయుల కాలపు మోటుపల్లి రేవు ఉన్నది. ఇంకొంత ఉత్తరంగా పోతే నిజాంపట్నం. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి ‘గ్లోబ్’ ఓడ వచ్చి ఆగినది అక్కడనే. ఆరోగ్య విషయాలు వ్రాసే చోట ఓడల ప్రస్తావన ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. మనం ఉదయాన్నే గిన్నెలో వేసుకొని తినే పెసర మొలకలకు వైద్యశాస్త్రంలో స్థానం దొరికినది ఓడల మీది జబ్బు వలననే. అందుకని కథను అక్కడినుంచి మొదలుపెడుతున్నాను.

ఆ జబ్బు పేరు స్కర్వీ. నెలల తరబడి ఎండు రొట్టె, ఉప్పు మాంసం తప్ప మరేమీ ఎరుగని నావికులకు చిగుళ్ళు వాచి రక్తం కారేది. పాత గాయాలు తిరిగి విచ్చుకొనేవి, చివరకు ప్రాణం పోయేది. 1601లో బయలుదేరిన ఈస్టిండియా కంపెనీ తొలి యాత్రలోనే జేమ్స్ లాంకాస్టర్ తన ఓడలో నిమ్మరసం పంచి మనుషులను కాపాడుకొన్నాడు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క పదార్థం ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకొన్నారు.

అయితే నిమ్మకాయ నడిసముద్రంలో నిలవ ఉండదు. అందుచేత 1768లో కెప్టెన్ కుక్ తన ఓడలో మాల్టు తీసుకొని వెళ్ళాడు. మాల్టు అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. ఆలోచన మంచిదే, కాని మొలకను వేడిమీద ఎండబెట్టినప్పుడు అందులోని విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. కనుక మాల్టు కషాయం స్కర్వీని మాన్పలేకపోయింది. నేడు రాగి మాల్టు త్రాగేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అది బలవర్ధకమైన ఆహారమే, అయినా విటమిన్ సి కోసం దానిపై ఆధారపడరాదు.

ఎండుగింజలో లేని శక్తి మొలకలో పుడుతుందని ప్రయోగపూర్వకంగా తేలినది 1912లో. నార్వే దేశస్థుడైన ఫ్యూర్‌స్ట్ గినీపందులపై ప్రయోగాలు చేసి, ఎండు పప్పుధాన్యాలు స్కర్వీని ఆపలేవనీ, అవే మొలకెత్తితే ఆపగలవనీ చూపించాడు. కారణం సులభంగానే బోధపడుతుంది. నిద్రపోతున్న గింజకు విటమిన్ సితో పనిలేదు. నీరు తగిలి జీవక్రియ మొదలయినప్పుడు ఆ గింజ తనకు కావలసిన విటమిన్‌ను తానే తయారుచేసుకొంటుంది.

ఈ జ్ఞానం అందరికీ చేరకముందే మన సైనికులు దాని లోటుకు మూల్యం చెల్లించారు. 1915 డిసెంబరు నుండి 1916 ఏప్రిల్ వరకు మెసపొటేమియాలోని కూత్ పట్టణంలో బ్రిటిషు–భారతీయ సైన్యం ముట్టడిలో చిక్కుకొన్నది. గుర్రపు మాంసం తిన్న బ్రిటిషు సైనికులకు స్కర్వీ రాలేదు, తెల్లపిండి రొట్టె వలన బెరిబెరి వచ్చింది. గుర్రపు మాంసం ముట్టని భారతీయ సైనికులను ముడిపిండి బెరిబెరి నుండి కాపాడింది, కాని స్కర్వీ పట్టుకొన్నది. ఆ తరువాత లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో హేరియట్ చిక్, ఆమె సహచరులు పప్పుధాన్యాల మొలకల గుణాన్ని నిర్ధారించారు. 1918లో వైద్యుడు విల్ట్‌షైర్ స్కర్వీ సోకిన సెర్బియా సైనికులకు మొలకెత్తిన చిక్కుడు గింజలు ఇచ్చి సత్ఫలితాలు ప్రకటించాడు.

సైన్యానికి మొలకలు తయారుచేసే పద్ధతి చాలా సరళమైనది. గింజలను ఒక రోజు నానబెట్టి, నీరు వంచి, పలుచగా పరచి, తడి గుడ్డ కప్పి, అది ఆరిపోకుండా నీళ్ళు చిలకరించడం అంతే. ఎడారిలో గింజలను మాటిమాటికీ కడగడానికి నీరు ఎక్కడిది?

ఇది చదివిన మన రైతు చిరునవ్వు నవ్వుతాడు. ఇది అతనికి తరతరాలుగా తెలిసిన పనే. గుంటూరు, ప్రకాశం సీమలో వరి నారు పోసేముందు విత్తనాలను గోనెసంచిలో పోసి ఒక రోజు నానబెడతారు. పిమ్మట నీరు వడిసిపోనిచ్చి, వరిగడ్డి కప్పి మరొక రోజు ఉంచుతారు. దీనినే మండెకట్టడం అంటారు. లోపల వేడి పెరిగితే నీళ్ళు చల్లుతారు గాని రోజుకు నాలుగుసార్లు కడగరు. పెండ్లిళ్ళలో పాలికలలో నవధాన్యాలు మొలిపించేటప్పుడూ నీరు చిలకరించడమే ఆచారం. కనుక కడగకుండా మొలకెత్తించడం ఈనాటి కొత్త విద్య కాదు.

మన రాష్ట్రాలకు ఈ శాస్త్రంతో మరింత దగ్గరి సంబంధం కూడా ఉన్నది. గుంటూరు జిల్లా నాటి మద్రాసు రాజధానిలో భాగం. ఆ రాజధానిలోనే నీలగిరులపై ఉన్న కూనూరులో మెకారిసన్ 1918లో పోషకాహార పరిశోధన ప్రారంభించాడు. అతని తరువాత వచ్చిన ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహారాల పోషక విలువలను తెలిపే పట్టికలు ప్రచురించాడు. పంజాబులోని హిస్సార్ ప్రాంతంలో 1940కి అటూ ఇటూ వచ్చిన కరవులో మొలకెత్తిన శనగలు పంచి స్కర్వీని అరికట్టారు. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో ఉన్నది. విటమిన్ సిని పెద్దమొత్తంలో వేరుచేయడానికి సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రవేత్త హంగరీలో వాడినది మిరపజాతికి చెందిన పాప్రికా కాయలనే. మిరప పండించే మన సీమవారు గర్వంగా చెప్పుకోదగిన సంగతి ఇది.

ఇంతవరకు మొలకల గొప్పదనం చూశాము. ఇక అదే చరిత్రలోని రెండవ పుట తిప్పుదాం. 1973లో అమెరికాలోని టెక్సాస్‌లో, ఇంటివద్ద మొలకలు పెంచుకొనే కిట్లలోని విత్తనాల వలన కొందరికి బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి సోకి వాంతులు పట్టుకొన్నాయి. 1996లో జపాన్‌లోని సకాయి నగరంలో వేలాది బడిపిల్లలు రక్తవిరేచనాల పాలయ్యారు. దర్యాప్తు ముల్లంగి మొలకలవైపు వేలు చూపింది. 2011లో జర్మనీలో సుమారు 3,800 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా మరణించారు. తొలుత స్పెయిన్ దోసకాయలను అనుమానించారు. చివరకు దొరికిన మూలం మెంతి మొలకలు. మనం ఔషధమని భావించే ఆ మెంతులే!

ఇందులోని శాస్త్రం వినండి. క్రిములు గింజపై పొర పగుళ్ళలో పొడిగా, నెలల తరబడి దాగి ఉండగలవు. గింజ మొలవడానికి కావలసిన తడి, వెచ్చదనం, పిండిపదార్థం క్రిములకూ కావలసినవే. ఒకటి రెండు రోజులలో అవి లక్షలరెట్లు పెరుగుతాయి. ఎన్నిసార్లు కడిగినా పగుళ్ళలోని క్రిమి పోదు. మరి కడగడం దేనికి? మొలకల గుట్టలో పుట్టే వేడిని తగ్గించడానికి, ఊరిన జిగురును తొలగించడానికి. నీరు పూర్తిగా వడిసిపోయి గాలి ఆడుతుంటే, ఒక్కరోజు మొలకకు మాటిమాటికీ కడగనవసరం లేదు. కడిగినా, కడగకపోయినా క్రిమి భయం మాత్రం మిగిలే ఉంటుంది. దానికి విరుగుడు నిప్పు ఒక్కటే.

కాబట్టి నేను సూచించే పద్ధతి ఇది. పిడికెడు పెసలు తీసుకొని విరిగినవి, పుచ్చినవి ఏరివేయండి. మూడు నాలుగుసార్లు బాగా కడిగి, త్రాగే నీటిలో ఎనిమిది గంటలు నానబెట్టండి. ఆ నీటిని పారబోసి, ఒకసారి కడిగి, చుక్క నీరు నిలవకుండా వంచండి. మరిగించి ఆరవేసిన నూలుగుడ్డలో వదులుగా కట్టి చిల్లుల గిన్నెలో పెట్టండి. గుడ్డ ఆరితే కాచి చల్లార్చిన నీరు చిలకరించండి. మన వేసవిలో పన్నెండు గంటలకే మొలక వస్తుంది, చలికాలంలో ఒక రోజు పట్టవచ్చు. గోరంత మొలక చాలు. వెంటనే ఆవిరిపై ఉడికించి, దించిన తరువాత నిమ్మరసం పిండండి. ఉడికించినప్పుడు పోయిన విటమిన్‌లో కొంత నిమ్మరసం తిరిగి ఇస్తుంది. పచ్చి మొలకలు నిలవ చేయదలిస్తే ఫ్రిజ్‌లో ఒక రోజుకు మించి ఉంచకండి. జిగురు, పులిసిన వాసన కనిపిస్తే నిస్సంకోచంగా పారవేయండి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, కేన్సర్ చికిత్స పొందుతున్నవారు పచ్చి మొలకలు అసలే తినరాదు.

మరి మూడు హెచ్చరికలు. మొదటిది మన పత్తి, మిరప, శనగ సీమకు ప్రత్యేకమైనది. విత్తడానికి అమ్మే గింజలకు శిలీంధ్రనాశకాలు, పురుగుమందులు పట్టిస్తారు. గుర్తుకోసం రంగు కూడా కలుపుతారు. విత్తగా మిగిలిన శనగలనో, పెసలనో కడిగి మొలకెత్తించి తినడం విషం తినడమే. ఆహారానికని నిలవ చేసిన గింజలనే వాడండి. పురుగుమందుల ప్రక్కన పెట్టిన సంచి నుండి మాత్రం తీయకండి. రెండవది జొన్న. జొన్న మొలకలో సైనైడును విడుదలచేసే పదార్థం పుడుతుంది, కనుక పచ్చి జొన్న మొలకలు తినరాదు. మూడవది రాజ్మా. దానిలోని లెక్టిన్ అనే విషపదార్థం మొలకెత్తినంత మాత్రాన పోదు. నానబెట్టిన నీరు పారబోసి బాగా మరిగించి ఉడికించవలసినదే.

మొలకలు సర్వరోగనివారిణి కావు. వంద గ్రాముల పెసర మొలకలలో సుమారు 13 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. పెద్దలకు రోజుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. జామ, ఉసిరి, నిమ్మ అందుబాటులో ఉన్న మనకు మొలక ఒక మంచి తోడు మాత్రమే. నిమ్మకాయ దొరకని ఎడారిలో, ఆకు మొలవని కరవులో అది ప్రాణం నిలిపింది. మన వంటింట్లో ప్రాణం మీదికి తేకుండా ఉండాలంటే ఉడికించి తినండి.