తీరని భయం మిగిల్చిన బెంగ: 1970ల బ్రిటిష్ పిల్లల టెలివిజన్‌పై ఒక పరిశీలన

బ్రిటన్‌లో 1970లలో పెరిగినవారు తమ చిన్ననాటి టెలివిజన్‌ను తలచుకునేటప్పుడు, నవ్వించిన కార్యక్రమాలతో పాటు వణికించినవాటిని కూడా ఇష్టంగా చెప్పుకుంటారు. ఈ ఇష్టం చుట్టూ ఇప్పుడొక చిన్న సాహిత్యమే ఏర్పడింది. స్టీఫెన్ బ్రదర్‌స్టోన్, డేవ్ లారెన్స్ 2017లో ‘స్కార్డ్ ఫర్ లైఫ్’ అనే గ్రంథంలో ఆ దశాబ్దపు భయాలను నమోదు చేశారు. రిచర్డ్ లిట్లర్ 2013లో సృష్టించిన స్కార్‌ఫోక్ అనే ఊహా పట్టణంలో కాలం 1979ని దాటి ముందుకు పోదు. గడిచిన కష్టం తలపుల్లో తీపి అవుతుందని సులువుగా సమాధానం చెప్పవచ్చు. అయితే అదే తెరమీద వచ్చిన ఎన్నో కార్యక్రమాల్లో కొన్నే ఎందుకు నిలిచాయో ఆ సమాధానం చెప్పదు. భయం మోతాదు కన్నా, దాన్ని తీర్చకుండా వదిలేసిన తీరే వాటిని నిలిపిందని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ వదిలేయడం కథలోనూ జరిగింది, ప్రసారంలోనూ జరిగింది.

కథ విషయానికి తగిన ఉదాహరణ హెచ్‌టీవీ 1977లో ఏడు భాగాలుగా ప్రసారం చేసిన ‘చిల్డ్రన్ ఆఫ్ ది స్టోన్స్’. విల్ట్‌షైర్‌లో ప్రాచీన శిలావలయం మధ్య ఉన్న ఏవ్‌బరీ గ్రామంలో దీన్ని చిత్రీకరించారు. కథలో ఆ ఊరి పేరు మిల్‌బరీ. అక్కడికి వచ్చిన శాస్త్రవేత్తకూ అతని కొడుక్కూ ఎదురయ్యేది దయ్యం కాదు, ఒకే తీరుగా ఆనందంగా ఉండే మనుషులు. తండ్రీ కొడుకులు చివరికి తప్పించుకుంటారు గాని, జరిగినదంతా మళ్ళీ మొదలవుతున్న సూచనతో కథ ఆగుతుంది. దోషి దొరికి శిక్ష పడితే పిల్లవాడి మనసు కుదుటపడేది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. 1975లో బీబీసీ ప్రసారం చేసిన ‘ది చేంజెస్’ దీనికి భిన్నంగా కనిపిస్తుంది. జనం ఉన్నట్టుండి యంత్రాలను పగలగొట్టడానికి కారణమేమిటో పదో భాగానికల్లా తేలుతుంది. కానీ ఒంటరిదైన నికీ అనే అమ్మాయిని చేరదీసిన సిక్కు కుటుంబాలను ఊరివాళ్ళు అనుమానంతో చూడటం యంత్రాలతో ముడిపడిన సమస్య కాదు. యంత్రాలు తిరిగి పనిచేసినా, పొరుగువాడిపై ఆ అనుమానం పోతుందని కథ హామీ ఇవ్వదు.

ప్రసార పద్ధతి ఈ వెలితిని ఇంకా పెంచింది. 1982 చివరిదాకా బ్రిటన్‌లో ఉన్నవి మూడు ఛానళ్ళే. ఇంట్లో రికార్డు చేసుకునే వీలు చాలామందికి లేదు. ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య వారం ఎడం. దీనికి బలమైన సాక్ష్యం ఇలాంటి కార్యక్రమాల ప్రత్యర్థి నుంచే దొరుకుతుంది. 1976 నవంబరులో ‘డాక్టర్ హూ’ భాగం ఒకటి, కథానాయకుడి తలను నీళ్ళలో ముంచి పట్టిన దృశ్యం మీద ఆగింది. వీక్షకుల సంఘం నాయకురాలు మేరీ వైట్‌హౌస్ అభ్యంతరం ఆ హింసతో ఆగలేదు. ఆ చిత్రం వారమంతా పిల్లల మనసులో ఉండిపోతుందన్నది ఆమె ఆరోపణ. బీబీసీ క్షమాపణ చెప్పి ఆ ముగింపును కత్తిరించింది. ఆమె హాని అన్నదాన్నే నేటి అభిమానులు సంపద అంటున్నారు. విలువ కట్టడంలో ఇద్దరూ విభేదించినా, భయం మనసులో నిలిచిపోయే తీరు గురించి చెబుతున్నది ఒకటే.

ప్రభుత్వ హెచ్చరిక చిత్రాలు ఈ వాదనకు ఎదురు తిరుగుతాయనవచ్చు. వాటిలో ప్రమాదమూ స్పష్టమే, జాగ్రత్తా స్పష్టమే. అయినా అవి మరపున పడలేదు. నిజమే, కానీ 1973 నాటి ‘లోన్లీ వాటర్’ చిత్రాన్నే చూడండి. డోనల్డ్ ప్లెజెన్స్ గొంతుతో మాట్లాడే ముసుగు ఆకారం తెలివిగల పిల్లల ముందు మాయమవుతుంది. అయినా తిరిగొస్తానన్న దాని బెదిరింపుతోనే చిత్రం ముగుస్తుంది. పాఠం పూర్తయింది, భయం పూర్తి కాలేదు. మరో అభ్యంతరం ఇంకా బరువైనది: భయపడి నిజంగా నలిగిన పిల్లలు ఈ బెంగలో కనిపించరు. రైలు పట్టాలపై ఆటల పోటీలను, గాయపడిన పిల్లలను చూపిన ‘ది ఫినిషింగ్ లైన్’ 1977లో వచ్చి, విమర్శల మధ్య 1979లో ఉపసంహరణకు గురైంది. కనుక ఈ జ్ఞాపకాలను తట్టుకున్నవారి సాక్ష్యంగా మాత్రమే చదవాలి. ఆ భయం పిల్లలకు మేలు చేసిందనడానికి అవి చాలవు.

ఇప్పుడివన్నీ డిస్కుల్లో దొరుకుతున్నాయి. ‘ది చేంజెస్’ను బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2014లో విడుదల చేసింది. మళ్ళీ చూస్తే మోజు తీరిపోవాలి కదా అన్నది చివరి ప్రశ్న. ప్రసారం మిగిల్చిన వెలితి తీరుతుంది: ముసుగు ఒట్టి గుడ్డేనని తెలిసిపోతుంది. మిల్‌బరీ కథ మాత్రం ఎన్నిసార్లు చూసినా తేలదు. మళ్ళీ చూశాక చప్పబడేవాటినీ చప్పబడనివాటినీ వేరు చేస్తే, ఆ కాలపు టెలివిజన్ కొరత చేసిన పని ఎంతో, రచయితల కళ చేసిన పని ఎంతో విడదీయవచ్చు. ఈ బెంగను అధ్యయనం చేసేవారు మొదట చేయవలసింది ఈ వర్గీకరణే. అది లేకుండా దాన్ని 1970ల మీద మోజుగా కొట్టిపారేయడం తొందరపాటు.