ఉమ్లౌట్

జర్మన్ అచ్చుల నెత్తిన కనబడే రెండు చుక్కల పేరు ఉమ్లౌట్. 'ఉమ్' మార్పును సూచించే ఉపసర్గ, 'లౌట్' అంటే ధ్వని. జానపద కథలు సేకరించిన యాకోబ్ గ్రిమ్, 1819లో మొదలైన తన జర్మన్ వ్యాకరణంతో దీన్ని శాస్త్ర పరిభాషగా నిలబెట్టాడు.

ఆయన దృష్టి చుక్కల మీద కాదు, ధ్వని మీద. పాత జర్మన్‌లో 'గస్ట్' అంటే అతిథి, బహువచనం 'గెస్టి'. చివరి ఇకారం ముందున్న అకారాన్ని తన వైపు లాక్కుంది. మన 'కత్తి' 'కత్తులు' కావడమూ ఇలాంటి లాగుడే. చుక్కలేమో, ఒకప్పుడు అక్షరం పైన రాసిన బుల్లి 'ఎ'కి మిగిలిన ఆనవాలు.

అర్థానికి ఆ చుక్కలు ప్రాణం: 'ఇప్పటికే' అనే అర్థమున్న 'షోన్'కు వాటిని చేరిస్తే 'అందమైన' అవుతుంది.