ఇద్దరు కూడుకొనిన చోట

త్రాగుడు మన గ్రామములకు క్రొత్త శత్రువు కాదు. కూలి డబ్బు ఇల్లు చేరకముందే కొట్టులో అయిపోవుట, పిల్లలు పస్తుండుట, ఆ ఇంటి యజమాని సంఘపు మొగము చూడలేక ఆరాధన మానుకొనుట మనమెరిగినవే. అట్టివానిని మనము గద్దింతుము, లేదా విడిచిపెట్టుదుము. ఈ రెండును గాక మూడవ మార్గమొకటి అమెరికా దేశములో ఏర్పడిన విధమును ప్రియ సహోదరులు ఆలకింపగోరుచున్నాము.

బిల్ విల్సన్ న్యూయార్కులో కంపెనీల వాటాల వ్యాపారము చేసెడివాడు. త్రాగుడువలన పనియు, పరువును పోగొట్టుకొని భార్య లోయిస్ సంపాదనపై బ్రదుకుచుండెను. 1934 నవంబరులో ఎబ్బీ థాచర్ అను పాత త్రాగుడు స్నేహితుడు వచ్చి, ఇచ్చిన గ్లాసు పుచ్చుకొనక, తాను మానితినని చెప్పెను. అతడు ఆక్స్‌ఫర్డు గ్రూపు అను క్రైస్తవ సహవాసములో చేరియుండెను. తప్పులు ఒప్పుకొనుట, అన్యాయము చేసినవారితో సమాధానపడుట, దేవుని నడిపింపు కోరుట, ఇతరులకు సాయపడుట వారి అభ్యాసములు. మరుసటి నెలలో బిల్ ఆసుపత్రిలో ఉండి దేవునికి మొఱ్ఱపెట్టెను. అటుపిమ్మట అతడు మరల త్రాగలేదు.

వెంటనే అతడు ఇతర త్రాగుబోతులకు బోధించుటకు బయలుదేరెను. కొన్ని నెలలు శ్రమపడినను ఒక్కడును మానలేదు. అయితే వారివెంట తిరిగినంతకాలము నీవు త్రాగలేదు కదా అని లోయిస్ గుర్తుచేసెను. అతనికి వైద్యము చేసిన డాక్టరు సిల్క్‌వర్త్, ముందుగా ప్రసంగింపక, ఈ జబ్బు మనుష్యుని ఎట్లు పట్టి చంపునో చెప్పుమని సలహా యిచ్చెను.

1935 మే నెలలో వ్యాపారపు పనిమీద ఏక్రన్ పట్టణమునకు వెళ్లి, ఆ పని చెడిపోగా, బిల్ ఒంటరిగా హోటలులో నిలిచెను. ఒకప్రక్క సారాయి గది, మరియొకప్రక్క సంఘముల పేర్లుగల పట్టికయు టెలిఫోనును ఉండెను. తాను నిలువవలెనన్న మరియొక త్రాగుబోతుతో మాటలాడవలెనని గ్రహించి, ఒక పాదిరిగారికి టెలిఫోను చేసెను. ఆయన చెప్పిన పేర్లద్వారా హెన్రియెట్టా సైబర్లింగ్ అను విశ్వాసురాలు దొరకెను. మే 12వ తేదీ ఆదివారమున ఆమె తన యింట అతనిని డాక్టరు బాబ్ స్మిత్‌తో కలిపెను.

ఈ డాక్టరు శస్త్రవైద్యుడు. రెండేండ్లకుపైగా ఆక్స్‌ఫర్డు గ్రూపు కూటములకు పోవుచు, వేదము చదువుచు, ప్రార్థించుచు, అయినను త్రాగుచుండెను. పదునైదు నిమిషములు మాత్రము కూర్చుందునని వచ్చి, దాదాపు ఆరు గంటలు కూర్చుండెను. బిల్ అతనికి బోధింపలేదు. తాను పడిన పాట్లు చెప్పెను. తన్ను ఎరిగినవానివలె మాటలాడిన మొదటి మనుష్యుడు ఇతడేయని డాక్టరు కనుగొనెను. ఒకసారి మరల పడిపోయినను, 1935 జూన్ 10 తరువాత ఆయన త్రాగలేదు. పిమ్మట ఇద్దరును ఆసుపత్రికి పోయి, మంచముననున్న ఒక న్యాయవాదితో మాటలాడిరి. అతడు మూడవవాడాయెను.

ఇట్లు చిన్న కూటములు పెరిగెను. కొండమీది ప్రసంగము, 1 కొరింథీయులకు 13వ అధ్యాయము, యాకోబు పత్రిక వారు ముఖ్యముగా చదివిరి. ఒకరితో ఒకరు తప్పులొప్పుకొని ఒకరికొరకొకరు ప్రార్థింపవలెనను యాకోబు బోధను వారు అక్షరాలా నడిపించిరి. 1939లో తమ పండ్రెండు మెట్లను వివరించు పుస్తకమును అచ్చువేసిరి. దాని పేరే, ఆల్కహాలిక్స్ అనానిమస్, ఆ సహవాసమునకు నిలిచెను. నేడు ఏ మతస్థుడైనను చేరవచ్చును. త్రాగుడు మానవలెనను కోరిక చాలును. రుసుము లేదు. ఎవరి పేరును బయటపెట్టరు. త్రాగువారి కుటుంబములకై 1951లో లోయిస్ మొదలైనవారు ఆలానాన్ అను వేరొక సహవాసము నేర్పరచిరి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన మద్యనిషేధము 1997లో సడలెను. చట్టము కొట్టు మూయగలదు గాని, త్రాగువాని ప్రక్కను కూర్చుండజాలదు.

కాబట్టి సంఘపెద్దలారా, మీ సంఘములో త్రాగుడు మానినవాడు ఒక్కడున్నను, అతని గతమును ఎత్తిపొడువక, త్రాగుచున్నవాని యింటికి అతనిని పంపుడి. వారమునకొక సాయంకాలము వారికి ఒక గది యిచ్చి, అక్కడ విన్నది బయట చెప్పకుడి. దగ్గరలో కూటమెక్కడనున్నదో ప్రభుత్వ ఆసుపత్రిలో విచారింపవచ్చును. 14446 అను జాతీయ సహాయ టెలిఫోను నంబరు కూడ నున్నది. చాలకాలము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానిన మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. గనుక మొదట వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను.

డాక్టరు బాబ్ కూటములకు వచ్చుచునే ఇంట త్రాగెను. అట్టివారు మన మధ్యను కూర్చుండియుండవచ్చును. వారిని కనుగొను ప్రేమను ప్రభువు మనకు దయచేయును గాక.