ఓల్నీలో చలికాలం: కుందేళ్ళూ, అల్లిక సూదులూ, లేసు దిండ్లూ

చలి అంటే మనకు ధనుర్మాసపు చలి. తెల్లవారుజామున రెండు చెంబుల వేన్నీళ్ళు, ఒక దుప్పటి, వీధి మొగలో చలిమంట. వీటితో నెల రోజులు గడిచిపోతాయి. ఆదిలాబాదు, లంబసింగి వైపు వాళ్ళు ఇంకొంచెం ఎక్కువ చెప్పగలరు. కాని నెలల తరబడి ఇల్లు కదలనివ్వని చలి, మధ్యాహ్నం నాలుగింటికే పొద్దు వాలిపోయే చలి మన అనుభవంలో లేదు. అలాంటి చలిలో, ఇంగ్లండులో ఓల్నీ అనే చిన్న ఊళ్ళో ఒక ఇంట గడిచిన సాయంకాలాలు ఇంగ్లీషు సాహిత్యంలో నిలిచిపోయాయి. ఆ ఇంట్లో ఉన్నది కవి విలియం కూపర్. స్పెల్లింగు చూసి మనం కౌపర్ అంటుంటాం గాని, ఆ పేరు పలకవలసింది కూపర్ అనే. జాన్ గిల్పిన్ గుర్రపుస్వారీ పద్యం చదువుకున్న పెద్దలకు ఆయన పాత పరిచయస్తుడే.

కూపర్ చదివింది న్యాయశాస్త్రం. 1763లో బంధువుల పలుకుబడితో ప్రభువుల సభలో కార్యకలాపాల రికార్డు చూసే గుమాస్తా ఉద్యోగం ఒకటి ఆయన కోసం సిద్ధమైంది. తీరా చేరే సమయానికి, సభ ముందు నిలబడి పరీక్ష ఇవ్వాలన్నారు. ఆ భయం నెలల తరబడి తొలిచి తొలిచి చివరికి మనసు చెదిరింది. ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో ఒక వైద్యుని సంరక్షణలో చాలా కాలం ఉండవలసి వచ్చింది. ఇంటర్వ్యూ గది బయట బల్ల మీద కూర్చుని ఎదురుచూసిన వాళ్ళం గనుక మనం ఆయన్ను చూసి నవ్వలేము.

కోలుకున్నాక 1765లో హంటింగ్‌డన్‌లో అన్విన్ అనే మతాచార్యుని ఇంట అద్దెకు చేరాడు. రెండేళ్ళకే ఆ గృహస్థు గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. ఆయన భార్య మేరీ అన్విన్ కూపర్ కంటే ఏడేళ్ళు పెద్ద. ఆవిడా, కూపరూ 1767లో ఓల్నీకి వచ్చి ఒకే ఇంట్లో ఉన్నారు. ఒక దశలో వివాహం అనుకున్నారు గాని 1773 జనవరిలో జబ్బు తిరగబెట్టడంతో ఆ మాట ఆగిపోయింది. అప్పటినుంచి జనవరి నెల అంటేనే ఆయనకు దడ. అందరికీ చలికాలమంటే ఒంటికి బాధ. కూపర్‌కు మనసుకు కూడా.

కుందేళ్ళు వచ్చింది ఈ ఘట్టంలోనే. 1774లో, నలుగురిలో కూర్చోలేక, పుస్తకం పట్టలేక ఉన్న రోజుల్లో పొరుగింటి పిల్లల దగ్గర ఒక కుందేలు పిల్ల చిక్కిపోతోందని తెచ్చి ఇచ్చారు. ఇంట్లో పెంచే తెల్ల కుందేలు కాదు, అడవిలో తిరిగే జాతి. మన పల్లెల్లో చెవుల పిల్లి అంటారే, అలాంటిది. సంగతి తెలిసి ఊరంతా కుందేలు పిల్లల్ని పట్టుకొచ్చారు. ఆయన మూడింటిని ఉంచుకుని పస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టాడు. పేర్లు ఎలా ఉన్నా మూడూ మగవే. న్యాయవాది వడ్రంగి అయ్యాడు. మూడింటికీ మూడు చెక్క గూళ్ళు, అడుగున ఊచలు, మలినం పడడానికి కింద మట్టి పళ్ళెం, రోజూ కడగడం, గడ్డి మార్చడం. పగలు హాలులో తిరిగేవి. రాత్రి ఎవరి గూట్లో వారు. పచ్చి ఆకు దొరకని చలికాలంలో రొట్టె, క్యారట్ ముక్కలు పెట్టేవారు.

1784లో ఆయన ఈ సంగతులన్నీ జెంటిల్మన్స్ మ్యాగజైన్‌కు వ్యాసంగా రాసి పంపాడు. అందులోని గమనింపు చూస్తే ముచ్చటేస్తుంది. పస్ ఒడిలోకి దూకి, వెనక కాళ్ళ మీద నిలబడి ఆయన కణతల దగ్గర జుట్టు కొరికేది. ఒకసారి మూడు రోజులు జబ్బు చేస్తే ఆయన దగ్గరుండి చూసుకున్నాడు. నయమయ్యాక అది ఆయన చెయ్యి నాకింది. ముందు చేతి వెనక వైపు, తరువాత అరచెయ్యి, తరువాత ఒక్కొక్క వేలూ, ఆపైన వేళ్ళ సందులు. టైనీ మటుకు ఎంత చేసినా లొంగని ముక్కోపి. దగ్గరికి వెళితే గుర్రుమని ముందు కాళ్ళతో కొట్టేది, కరిచేది. చలికాలపు రాత్రి భోజనాలయ్యాక మూడింటినీ ముందు గదిలోకి వదిలితే తివాసీ మీద కాళ్ళకు పట్టు దొరికి ఎగిరి గంతులేసేవి. ఒక రాత్రి ఇంటి పిల్లి ధైర్యం చేసి బెస్ చెంప మీద తట్టింది. బెస్ దాని వీపు మీద డోలు వాయించినట్టు వాయించేసరికి పిల్లి పారిపోయి దాక్కుంది. కడిగిన గూడు ఆరకముందే దూరి పడుకోవడం వల్ల ఆ బెస్ మూడింటిలోకీ ముందే పోయింది. టైనీ తొమ్మిదేళ్ళు బతికింది.

ఇక 1783–84 చలికాలం. అంతకు ముందు జూన్‌లో ఐస్‌లాండులో లాకి అనే చోట భూమి చీలి లావా, విషవాయువులు ఎగజిమ్మాయి. ఆ వేసవి అంతా యూరప్‌ను ఒక ఎండు పొగమంచు కమ్మింది. సూర్యుడు ఎర్రగా కనిపించాడని కూపర్ కూడా ఉత్తరాల్లో రాశాడు. తరువాత వచ్చిన చలి ఆ కాలపు గడ్డు చలుల్లో ఒకటి. రెంటికీ సంబంధం ఉందా లేదా అని శాస్త్రజ్ఞులు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు.

ఆ రోజుల్లోనే ఆయన ‘ది టాస్క్’ అనే పెద్ద కావ్యం రాస్తున్నాడు. ఏం రాయమంటారు అంటే, కుటుంబ స్నేహితురాలు లేడీ ఆస్టిన్ వేళాకోళంగా ఈ సోఫా మీద రాయండి అన్నదట. ఆరు భాగాలై 1785లో అచ్చయింది. నాలుగో భాగం చలికాలపు సాయంత్రం. నీళ్ళు పొంగిన నది మీది వంతెన దాటి టపా కుర్రవాడు బూర ఊదుకుంటూ వస్తాడు. కిటికీ రెక్కలు మూస్తారు, తెర లాగుతారు, సోఫా మంట దగ్గరికి జరుపుతారు, టీ నీళ్ళు కాగుతుంటాయి. ఆయన పత్రిక పైకి చదువుతుంటే ఆడవాళ్ళ చేతిలో కుట్టుపని సాగుతూ గుడ్డ మీద పువ్వులు విచ్చుకుంటాయి. నిజ జీవితంలో మేరీ అన్విన్ సూదులు ఊరుకున్నది లేదు. కూపర్ మేజోళ్ళు ఆవిడ అల్లినవే. ఆయన పని దారం ఉండలు చుట్టిపెట్టడం. హెర్క్యులీస్ కూడా ఇదే పని చేశాడు, బహుశా సామ్సన్ కూడా చేసి ఉంటాడు, ఇద్దరూ వస్తే పోటీకి సిద్ధమే అని ఒక ఉత్తరంలో చమత్కరించాడు.

ఆ టపా సంచిలో మన సంగతీ ఉంది. సంచి విప్పబోతూ కవి ఆత్రంగా అడిగే ప్రశ్నల్లో భారతదేశం స్వేచ్ఛగా ఉందా, లేక మనం ఇంకా దాన్ని పిండుతూనే ఉన్నామా అన్నది ఒకటి. 1783 చివరలో ఫాక్స్ తెచ్చిన ఇండియా బిల్లు మీద పార్లమెంటు అట్టుడికింది. అప్పటికి మన ఉత్తర సర్కారులు కంపెనీ ఏలుబడిలో ఉన్నాయి. చలిమంట పక్కన కూర్చున్న మనిషికి అంత దూరపు జనం గుర్తుకు రావడం చిన్న విషయం కాదు.

దూరపు జనమే కాదు, గోడ అవతలి వాళ్ళు కూడా. ఓల్నీ లేసు అల్లే ఊరు. 1780లో డార్ట్‌మత్ ప్రభువుకు లేసు పనివారు పెట్టుకున్న అర్జీ గురించి రాస్తూ కూపర్, ఈ బీద ఊళ్ళో వాళ్ళు దాదాపు 1,200 మంది ఉన్నారని, ఎంత ఒళ్ళు వంచినా వందల మంది పస్తుల అంచునే ఉన్నారని, తాను కళ్ళారా చూస్తున్నానని తెలిపాడు. ఆ పని ఎలా ఉండేదో చెప్పాలి. గడ్డి కూరిన గట్టి దిండు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద నమూనా తోలుకాగితం పరిచి, గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ పదుల కొద్దీ దారపు కండెలను అటూ ఇటూ దాటిస్తూ పోవాలి. పిల్లల్ని ఐదారేళ్ళకే లేసు బడిలో కూర్చోబెట్టేవారు. మంట దగ్గర కూర్చుంటే పొగకు తెల్ల దారం మాసిపోతుంది. అందుకని నిప్పుకు దూరంగా కూర్చుని, వేడి బూడిద నింపిన మట్టి కుంపటి పావడాల అంచున కాళ్ళ దగ్గర పెట్టుకునేవారు. ఒక్క కొవ్వొత్తి వెలుగు నలుగురికి సరిపోవాలి. నీళ్ళు నింపిన గాజు బుడ్లను దాని చుట్టూ అమర్చి, వాటిలోంచి వచ్చే వెలుగు ఒక్కొక్కరి దిండు మీద పడేటట్టు చూసుకునేవారు.

మన నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల వారికి ఇది కొత్త కాదు. మిషనరీల ద్వారా వచ్చిన మన లేసు క్రోషే సూదితో అల్లేది, ఓల్నీది కండెలతో అల్లేది, పద్ధతి వేరు. కాని ఇళ్ళల్లో తీరిక వేళ చేసే పని అనే ముద్ర వేసి ఆ శ్రమకు సరైన కూలి కట్టని తీరు గురించి మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నర్సాపురం లేసు స్త్రీల మీద 1982లో ఏకంగా పుస్తకం రాసింది.

నాలుగో భాగంలోనే కూపర్ ఒక పేదింటి సాయంత్రం కూడా చూపించాడు. ఆరిపోబోయే పుల్లల మంట, దాని చుట్టూ ముడుచుకున్న పిల్లలు, చూసి చూసి కోసే రొట్టె. విమర్శకులు కొందరు ఈ కవిని సోఫా కవి అని తేలిక చేస్తారు గాని ఈ పంక్తులు చదివాక ఆ మాట నాకు నచ్చదు. రాబర్ట్ స్మిత్ అనే బ్యాంకరు తన పేరు బయటపెట్టవద్దన్న షరతు మీద ఓల్నీ పేదలకు పంపిన సొమ్మును కూపర్, మేరీ అన్విన్ స్వయంగా పంచిపెట్టేవారు. కావ్యంలో కూడా ఆ దాతను పేరు లేకుండానే తలచుకున్నాడు.

పస్ 1786 మార్చిలో, పన్నెండేళ్ళకు ఒక్క నెల తక్కువ వయసులో, ముసలితనంతో బాధ లేకుండా పోయింది. ఆ ఏడు చివర ఇద్దరూ పక్కనున్న వెస్టన్ అండర్‌వుడ్‌కు మారారు. జబ్బు మళ్ళీ వచ్చింది, అదీ జనవరిలోనే, 1787లో. ఆవిడ మళ్ళీ నిలబెట్టింది. కాని 1791 డిసెంబరులో ఆవిడకే పక్షవాతం తగిలింది, 1792 మేలో ఇంకోసారి. చూపు తగ్గింది, చెయ్యి పట్టు పోయింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆయన కోసం ఆడిన సూదులు వాడకం లేక తుప్పు పట్టడం మీద ఆయన 1793లో ‘టు మేరీ’ అనే పద్యం రాశాడు. ఆ తరువాత ఆయన కూడా తేరుకోలేదు. 1794లో రాజుగారు ఏడాదికి 300 పౌన్ల పెన్షన్ మంజూరు చేశారు. జీవితంలో చాలా భాగం బంధుమిత్రుల సాయంతో బతికిన మనిషి ఆయన. ఆర్డరు వచ్చేసరికి సంతోషించే స్థితిలో ఆయన లేడు. మేరీ అన్విన్ 1796 డిసెంబరులో, కూపర్ 1800 ఏప్రిల్‌లో నార్‌ఫక్ జిల్లాలో కన్నుమూశారు.

ఓల్నీ ఇల్లు 1900లో మ్యూజియం అయింది. కూపర్ జ్ఞాపకాలతో పాటు అక్కడ ఆ ఊరి వాళ్ళు అల్లిన లేసును కూడా భద్రపరిచారు.