లక్ష్మణరాయ పరిశోధక మండలి నూరేళ్లు: ఉత్తర తెలంగాణలో మిగిలిన పని

హైదరాబాదులో 1922లో ఆంధ్ర పరిశోధక సంఘంగా మొదలైన సంస్థ, మరుసటి ఏడు కొమర్రాజు లక్ష్మణరావు కన్నుమూశాక ఆయన పేరు పెట్టుకొని లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. దానికిప్పుడు నూరేళ్లు దాటాయి. నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ 1914లోనే ఏర్పడింది. గులాం యజ్దానీ వంటి సమర్థుడు దాన్ని నడిపాడు. అజంతా, ఎల్లోరాల వంటి పెద్ద పనులు దాని చేతిలో ఉండేవి. ఊరి బయట ముళ్లపొదలో పడి ఉన్న తెలుగు శాసనాన్ని వెతికి, చదివి, తెలుగులో అచ్చువేసి తెలుగువాడి చేతిలో పెట్టే పనికి మాత్రం వేరే మనుషులు కావలసి వచ్చింది. ఆదిరాజు వీరభద్రరావు, ఆయనతో కలిసి నడిచినవారు ఆ పనిని జీతం లేకుండా నెత్తికెత్తుకొన్నారు. 1935లో 'తెలంగాణా శాసనములు' మొదటి సంపుటం వచ్చింది. రెండోదానికి 1960 దాకా ఆగవలసి వచ్చింది. ఆ 1935లోనే సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నిజాం రాష్ట్ర నాలుగవ ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ ఏడే రాజమహేంద్రవరంలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 'కాకతీయ సంచిక' తెచ్చింది. సభ, సంపుటం, సంచిక ఒకే ఏట రావడాన్ని కాకతాళీయమని కొట్టిపారేయడం సరికాదు. ఆ తరానికి చరిత్ర చదవడమూ జనాన్ని కూడగట్టడమూ ఒకే పనిలో రెండు పాళ్లు.

ఆ రెండు పాళ్లూ తర్వాత విడిపోయాయి. చదివే పని విశ్వవిద్యాలయాలకు, పురావస్తు శాఖకు పోయింది. కూడగట్టే పని శాలువాలకు, బ్యానర్లకు దిగజారింది. ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినమని ఓ ఫ్లెక్సీ కట్టి, కలెక్టరేటు హాలులో నాలుగు ఉపన్యాసాలు చెప్పుకొని టీ తాగి లేస్తే వారసత్వ పరిరక్షణ అయిపోయినట్టే. అందుకే పరిశోధకులలో చాలామందికి 'కార్యక్రమాలు' అనగానే ఒక చిన్నచూపు. మండలి నూరేళ్ల పనిని కరీంనగర్, ఆదిలాబాదు నేల మీద నిలబడి లెక్క చూస్తే ఆ చిన్నచూపు తప్పని తేలుతుంది. ఈ రెండు పాత జిల్లాల్లో ఏది నిలిచింది, ఏది పోయింది అని చూస్తే, ఎవరో ఒకరు ఏటేటా వెళ్లవలసిన పని ఉన్నచోటు నిలిచింది. ఎంత గొప్ప పండితుడు చదివి అచ్చువేసినా, అట్లా వెళ్లేవాళ్లు లేనిచోటు దిక్కులేనిదైంది. చదివి అచ్చువేయడం వల్ల పాఠం బతుకుతుంది. స్థలం బతకడానికి జనం కావాలి.

కురిక్యాల సంగతి చూడండి. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర మండలంలో ఉంది ఆ ఊరు. ఊరివాళ్లకు అది బొమ్మలమ్మ గుట్ట. జైన తీర్థంకరులు, చక్రేశ్వరి శిల్పాలు చెక్కిన బండ మీద వేములవాడ చాళుక్యుల కాలపు శాసనం ఉంది. పదో శతాబ్దం నడిమిది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి. వేయించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి, అవి నన్నయకు సుమారు నూరేళ్ల ముందువి. ఒకే గుట్ట రెండు భాషల సాహిత్య చరిత్రను తిరగరాయించింది: కన్నడిగులకు తమ ఆదికవి కుటుంబం ఊరూ పేరూ తెలిపింది, మనకు తెలుగు ఛందస్సు వయసు పెంచింది. పొరుగున ఉన్న గంగాధరనే సోమదేవసూరి 959లో 'యశస్తిలకం' ముగించిన గంగధారగా గుర్తించిన పండితులున్నారు. పంపకవి, సోమదేవుడు, జినవల్లభుడు, ముగ్గురికీ నీడనిచ్చిన రాజ్యం ఇక్కడిది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటం 1974లో అచ్చయింది. అంతకు ముందే, 1953లో, నేలటూరి వెంకటరమణయ్య వేములవాడ చాళుక్యుల మీద పుస్తకమే రాశాడు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా కోసం వాదించినవారి నోట కురిక్యాల పేరు పదే పదే వినబడింది. పాఠం విషయంలో ఇంతకన్నా చేయగలిగింది లేదు. ఇంత పేరు సంపాదించిన గుట్ట చుట్టూ గ్రానైట్ క్వారీలు మాత్రం కమ్ముకొచ్చాయి. కరీంనగర్ గోధుమరంగు రాయికి దేశదేశాల్లో గిరాకీ ఉంది, కంద పద్యాలకు ఆ గిరాకీ ఎక్కడిది? గుట్టను కాపాడాలని గొంతెత్తినవాళ్లు మళ్లీ కవులు, రచయితలు, ఆ చుట్టుపట్ల చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లే. సంపుటాలు బీరువాల్లో భద్రంగా ఉన్నాయి.

కోటిలింగాల కథ ఇంతకన్నా చేదు. గోదావరిలో పెద్దవాగు కలిసేచోట, వెల్గటూరు మండలంలో ఉన్న ఈ దిబ్బ మీద వానలకు మట్టి కొట్టుకుపోయినప్పుడల్లా నాణేలు బయటపడేవి. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ వాటిని ఓపికగా సేకరించి పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తెచ్చాడు. గోభద, నారన, కంవాయస, సిరివాయ, సమగోప వంటి, అంతవరకు చరిత్ర పుస్తకాలకు తెలియని పేర్లు వాటి మీద ఉన్నాయి. తొలి శాతవాహన రాజు శ్రీముఖుని పేరుతో గుర్తించిన నాణేలూ దొరికాయి. శాతవాహనుల మొదలు పడమట ప్రతిష్ఠానంలోనేనన్న వాదానికి ఎదురుగా తెలంగాణ గోదావరి తీరం ఒక బలమైన సాక్ష్యంతో నిలబడింది. 1979 నుంచి వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. అంతకు ముందు పెద్దబంకూరు, ధూళికట్టలలో జరిగిన తవ్వకాలతో కలిపితే కరీంనగర్ జిల్లా శాతవాహన చరిత్రకు ఆయువుపట్టు అయింది. ఆ దిబ్బలో తవ్వినది కొంతే. తర్వాత శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు వచ్చి చేరాయి. నీళ్లు వద్దని ఏ రైతూ అనడు, అనకూడదు. మునగబోయే నేలను ముందే పూర్తిగా తవ్వాలని పట్టుబట్టే బృందం ఒకటి ఆ ఊళ్లో లేకపోవడమే ఇక్కడి లోటు. కోటిలింగాలకు ఒక నరహరిశర్మ ఉన్నాడు. ఏటా ఆ దిబ్బ మీదికి వెళ్లి శ్రీముఖుని పేరు తలచుకొనే ఆచారం లేదు.

ఇప్పుడు గోదావరి దాటి ఆదిలాబాదు వైపు చూద్దాం. కేస్లాపూర్ నాగోబా గుడికి శాసనం లేదు, సంపుటం లేదు. పుష్య అమావాస్య నాటి జాతర ఉంది. గోండుల్లోని మెస్రం వంశస్థులు ముందుగా జన్నారం వైపు హస్తినమడుగుకు కాలినడకన పోయి గోదావరి జలం తెస్తారు. ఏ ఊరి మీదుగా పోవాలో, ఎక్కడ ఆగాలో పెద్దలకు తెలుసు. పూజకు వాడే కుండలను సిరికొండ కుమ్మరులే చేస్తారు. కొత్త కోడళ్లను నాగోబాకు చూపే భేటింగ్‌తో వంశవృక్షం ప్రతి ఏడూ ఒక కొమ్మ వేస్తుంది. పర్ధానులు కిక్రీ వాయిస్తూ వంశగాథలు పాడుతారు. ఆదివాసుల గోడు వినడానికి 1940లలో, జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ చొరవతో మొదలైన దర్బారు కూడా ఈ జాతరకే అతుక్కొని నేటికీ సాగుతోంది. ఏ కచేరీలోనో ఒక కమిటీగా పుట్టి ఉంటే ఎప్పుడో అటకెక్కేది. మెస్రం కుటుంబాలు తామే చందాలు వేసుకొని కట్టుకొన్న రాతి గుడి 2022 డిసెంబరులో ప్రారంభమైంది. ఒక స్థలాన్ని, ఒక దారిని, ఒక చేతివృత్తిని, ఒక పాటను కలిపి నిలబెట్టిన వ్యవస్థ ఇది. పురావస్తు శాఖ దగ్గర ఇంత సమగ్రమైన పద్ధతి లేదని అంటే అది నింద కాదు. నార్నూరు మండలం గుంజాలలో గోండి లిపి వ్రాతప్రతులు 2006 ప్రాంతంలో జయధీర్ తిరుమలరావు కంటబడే దాకా పండిత లోకానికి ఆ లిపి ఉన్నదనే తెలియదు. అది అన్నాళ్లూ బతికింది దాన్ని చదవగలిగిన కొద్దిమంది పెద్దల వల్ల. అక్కడ పరిశోధకుడూ ఊరూ చేయి కలిపారు కాబట్టి పుస్తకాలు వచ్చాయి, బడిలో నేర్పారు, 2018లో యూనికోడ్‌లోకి చేరింది. మండలి తొలినాళ్ల పద్ధతి సరిగ్గా ఇదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలికైనది కాదు. జాతర భక్తి, చరిత్ర కాదు. పైగా భక్తే పాత కట్టడాలకు ఎక్కువ కీడు చేస్తుంది. జీర్ణోద్ధరణ పేరుతో కాకతీయుల నాటి స్తంభాలకు ఎనామిల్ రంగు పూసేది, శాసనం ఉన్న బండకు సున్నం కొట్టేది, గర్భగుడి నేలకు మెరిసే టైల్స్ పరిచేది భక్తులే. ఇది నిజం. తెలంగాణ పల్లెల్లో తిరిగే ఏ శాసన పరిశోధకుణ్ని అడిగినా మొదటి ఫిర్యాదు ఇదే. కాని రంగు పూసినవాడు శత్రువా? ఆ గుడి తనదనుకొన్నాడు కనుకనే పూశాడు. ఆ అక్షరాలేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. ఎవరూ తనదనుకోని చోటును పట్టించుకొనేదెవరు? నగునూరులో కూలి పడిన కాకతీయ శైలి గుళ్లకు రంగు ముప్పు లేదు, గుప్తనిధుల వేటగాళ్ల ముప్పు ఉంటుంది. రంగు పూసే చేతికి నచ్చజెప్పవచ్చు, గడ్డపారతో రాత్రి వచ్చేవాడికి చెప్పలేం. జనం రాకను తగ్గించడం దీనికి మందు కాదు. వచ్చిన జనానికి బండ మీద ఏముందో చదివి వినిపించాలి.

శిక్షణ లేనివాళ్లు వేలుపెడితే ఆధారాలు చెడతాయన్నది రెండో అభ్యంతరం. ఏ పొరలో దొరికిందో తెలియని నాణెం సగం మూగదే. కోటిలింగాల నాణేల కాలం మీద, శ్రీముఖుని గుర్తింపు మీద ఇంకా వాదాలు నడవడానికి ఇదీ ఒక కారణం. ఒప్పుకోవలసిందే. అయితే ఆ నాణేలను ఎవరూ ఏరి భద్రపరచకపోతే తవ్వకం అనే ఆలోచనే పుట్టేది కాదు. చట్టం ఉంది కదా, ప్రభుత్వం చూసుకొంటుంది కదా అనేవారికీ జవాబు ఇక్కడే ఉంది. 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది, కరీంనగర్‌లో గాంధీ శతజయంతి మ్యూజియం ఉంది. చట్టం పని చేయాలంటే ఎవరో ఒకరు ముందు ఫిర్యాదు చేయాలి, దానికి ఆ స్థలం విలువ తెలిసిన ఊరు ఉండాలి. ప్రతి గుట్టకూ కాపలాదారును పెట్టగల ఖజానా ఏ ప్రభుత్వానికీ లేదు.

జ్ఞాపకం, రికార్డు ఒకదానికొకటి ఎదురుపడే చోట్లు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. నిర్మల్‌లో ఆంగ్లేయుల మీద తిరగబడ్డ రాంజీ గోండును, అతని అనుచరులను 1860లో ఉరితీశారని చెప్పే వెయ్యి ఉరుల మర్రి ఇప్పుడు లేదు, గాలివానకు కూలిపోయింది. వెయ్యి అన్నది జనం లెక్క. ఒక పరిశోధక సంఘం ఏటా అక్కడ సభ పెడితే ఆ లెక్కను పొగడ్తగా వల్లించడం కాకుండా, ఉర్దూ, ఇంగ్లీషు పాత కాగితాలు వెదికి నిజమెంతో చెప్పాలి. సంఖ్య తగ్గినా రాంజీ గోండు తగ్గడు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసుల లెక్క ప్రభుత్వానిది ఒకటి, జనానిది ఒకటి. అక్కడి స్తూపం దగ్గర నివాళి అర్పించడానికి ఎన్నో ఏళ్లు ఆంక్షలుండేవి. గుమిగూడే హక్కు లేనిచోట జ్ఞాపకాన్ని ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న మండలి స్థాపకులకు కొత్తది కాదు. నిజాం కాలంలో సభ పెట్టుకోవడానికి అనుమతి కోసం తిరిగిన తరం వారిది.

2016లో జిల్లాలు చీలాక 1974 సంపుటంలోని ఊళ్లు కరీంనగర్‌తో పాటు జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాల్లోనూ పరుచుకొన్నాయి. తమ ఊరి శాసనం ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఆ గ్రామ పంచాయతీలకు తెలియదు. నూరేళ్ల సందర్భంలో సన్మానాలకు బదులు చేయదగిన పని ఒకటుంది. సంపుటంలోని ప్రతి శాసన పాఠాన్ని, దాని అర్థాన్ని వాడుక తెలుగులో ఒక్క కాగితం మీదికి తెచ్చి ఆ ఊరి బడికి, పంచాయతీకి అందించాలి. ఏడాదికోసారి, ఊరికి వీలైన రోజున, బడి పిల్లలు ఆ బండ దగ్గరే నిలబడి దాన్ని చదవాలి. మైకు అక్కర్లేదు, ముఖ్య అతిథి అసలే వద్దు. చదివే ముందు పొదలు కొట్టాలి, చదివాక ఫొటో తీసి కిందటేటి ఫొటో పక్కన పెట్టి ఏం మారిందో చూడాలి. క్వారీ ఎంత దగ్గరికి వచ్చిందో, అక్షరం ఎక్కడ చెదిరిందో ఆ రెండు ఫొటోలే చెబుతాయి, ఫిర్యాదుకు అవే సాక్ష్యం. దీనికయ్యే ఖర్చు ఒక సన్మాన సభ ఖర్చు కన్నా తక్కువ. కరీంనగర్, జగిత్యాలలోని సాహిత్య సంస్థలు, శాతవాహన విశ్వవిద్యాలయం విద్యార్థులు కలిస్తే వచ్చే ఏడే ఇది కురిక్యాలలో మొదలు కావచ్చు. ఈ సంచిక చదివే ఉపాధ్యాయులు ముందు తమ మండలంలో శాసనమున్న ఊళ్ల జాబితా రాసి పెట్టుకొమ్మని మనవి.