పెన్నేటి ఎగువన భూవిజ్ఞాన విద్య

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలో భూమిని గురించిన చదువు నీటి అవసరంలోంచి పుట్టింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే నేల ఇది. చెరువు ఎక్కడ నిలుస్తుంది, బావిలో ఊట ఎక్కడ పడుతుంది, కాలువ ఏ వాలున పారుతుంది అన్నవి తెలిసినవారే ఇక్కడ ఊళ్లు నిలబెట్టగలిగారు. కళాశాలలు రాకముందు కొన్ని వందల ఏళ్లపాటు ఆ తెలివి రాజుల కొలువుల్లోనూ, కట్టలు పోసిన వడ్డెర్ల చేతుల్లోనూ, చెరువు నీళ్లు పంచిన నీరుగంట్ల జ్ఞాపకంలోనూ ఉండేది.

అందుకు రాతిమీద మిగిలిన సాక్ష్యాల్లో ఒకటి హిందూపురానికి ఆనుకునే ఉన్న గౌరీబిదనూరు తాలూకాలో దొరికిన 1388 నాటి శాసనం. విజయనగర రాజకుమారుడు బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, పెన్నేటి నీటిని పట్టణానికి తీసుకురమ్మని సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుణ్ణి ఆజ్ఞాపించాడు. ఆయన సిరువేర చెరువుకు కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు. కాలువకు పేరు రాజకుమారుడిది. అయితే పని చేసినవాడి పేరునూ, అతని విద్యనూ శాసనం మరచిపోలేదు. గుట్టలు, బండలు అడ్డుపడే నేలలో నీళ్లు వాటంతట అవే పారేలా కాలువ గీత గీయాలంటే నేల ఎత్తుపల్లాలూ, రాతి గట్టిదనమూ ముందే తెలిసి ఉండాలి. జలసూత్రం అన్న మాట వెనక ఉన్న విద్య అదే.

ఆ విద్యలో ఏమేం నేర్చేవారో కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చెబుతుంది. ఒకటవ బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఈ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది. ధర్మం తెలిసిన రాజుతో పాటు నీటి శాస్త్రం తెలిసిన పండితుడూ ఉండాలి. అడుగున గట్టి బంకమన్ను, దూరంనుంచి వచ్చే తీపినీటి ఏరు, రెండు వైపులా కట్టను పట్టుకునే కొండ కొమ్ములు, వాటి నడుమ మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, పొడవైన రాళ్లిచ్చే గని, పక్కన చదునైన సాగునేల, పనితెలిసిన కూలీలు కావాలి. చెరువుకు రాకూడని ఆరు దోషాలనూ అదే శాసనం ఎంచింది: కట్టనుంచి నీరు ఊరడం, చౌడునేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు నడుమ మిట్ట, నేల ఎక్కువై నీరు చాలకపోవడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం. వెయ్యిమంది కూలీలు రెండేళ్లు పనిచేశారని కూడా అందులో ఉంది. ఈ రోజు ఆనకట్ట స్థలాన్ని పరిశీలించే భూవిజ్ఞాని అడిగే ప్రశ్నలకూ ఈ జాబితాకూ పెద్ద తేడా లేదు. పునాది రాయి, నీరు ఊరడం, పరీవాహకం, కట్టుబడి రాయి, నేల రసాయనం అన్నీ ఇందులో ఉన్నాయి. రాయలసీమలో భూవిజ్ఞానానికి తొలి పాఠ్యప్రణాళిక ఏదని అడిగితే ఈ శాసనాన్నే చూపించాలి.

చిత్రావతి మీది ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు తవ్వించి, తల్లి ధర్మాంబ పేర ఊరు కట్టించాడని స్థానిక ఐతిహ్యం. చెరువులు లేనిచోట హిందూపురం, మడకశిర ప్రాంతపు రైతులు ఏటి ఇసుకలో ఊటకాలువలు తవ్వి, అడుగున పారే నీటిని పొలానికి మళ్లించుకున్నారు. ఏరు ఎండినా ఇసుక కింద నీరు ఉంటుందన్న గ్రహింపు వాటికి ఆధారం.

1800లో ఈ సీమ ఉన్న దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాక చదువు ఉద్దేశం మారింది. థామస్ మన్రో కాలంలో పొలాలు కొలిచి, నేలలను తరగతులుగా విడగొట్టినది శిస్తు కోసం. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న న్యూబోల్డ్ 1840లలో దక్షిణ భారత శిలల మీద వరసగా వ్యాసాలు రాశాడు. 1851లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఏర్పడింది. దాని ఉద్యోగి విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాసముదాయాల మీద పెద్ద గ్రంథం వెలువరించి, శిలల వర్గాలకు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని ఇక్కడి ఏళ్ల, కొండల పేర్లే పెట్టాడు. 1987లో జరిగిన పునర్విభజనలో చిత్రావతి కూడా ఒక శిలావర్గం పేరయింది. ధర్మవరం చెరువును నింపే ఏటి పేరు ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ భారత శిలాస్తరాల పాఠం చెప్పినా వినిపిస్తుంది.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1886లో బళ్లారి, అనంతపురం జిల్లాల భూగర్భం మీద నివేదిక ప్రచురించాడు. అప్పటిదాకా అంతా ఒకే ముద్దగా చూసిన పాత నీస్ శిలలనుంచి పచ్చటి, నల్లటి షిస్ట్ పట్టీలను ఆయన ఆ రోజుల్లోనే వేరుచేసి ధార్వార్ శిలలన్నాడు. దక్షిణాదిలో బంగారం ప్రధానంగా ఆ పట్టీల్లోనే ఉందని చెప్పాడు. ధర్మవరానికి పడమర ఉన్న రామగిరి అలాంటి పట్టీయే. అక్కడ ప్రాచీనులు తవ్వి వదిలేసిన గోతులను ఆధారం చేసుకొని 20వ శతాబ్దం మొదట్లో కంపెనీలు గనులు నడిపి, 1927 నాటికి ఆపేశాయి. తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ అక్కడే ఎప్పమాన గనిని తెరిచింది. 2001లో కోలారు గనులతో పాటు అదీ మూతపడింది. ఇదే పాత జిల్లాలో ఉత్తరాన ఉన్న వజ్రకరూరు కథ వేరు. తొలకరి పడగానే జనం పొలాల్లో వజ్రాలు ఏరుకునే చోటు అది. భూమి లోతుల్లోంచి వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ శిల అక్కడ ఉంది. బంగారం, వజ్రం కలిసి అనంతపురాన్ని భూగర్భ శాస్త్రజ్ఞుల పటంలోకి ఎక్కించాయి. కానీ ఆ శాస్త్రం నేర్చుకునే అవకాశం మాత్రం ఇక్కడి పిల్లలకు చాలాకాలం దక్కలేదు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆనర్స్ డిగ్రీ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో స్థిరపడింది. రెండేళ్ల ఇంటర్మీడియట్ తర్వాత మామూలు డిగ్రీకి రెండేళ్లు, ఆనర్స్‌కు మూడేళ్లు. ఆనర్స్ విద్యార్థి ఒకే శాస్త్రాన్ని లోతుగా చదివేవాడు. ఆ పట్టా ఉన్నవారికి మళ్లీ పరీక్ష లేకుండానే ఎంఏ వచ్చేది. భూవిజ్ఞానం అలా చదవాలంటే మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లాలి, లేదా మైసూరు సంస్థానంలోని బెంగళూరు సెంట్రల్ కాలేజీకి వెళ్లాలి. గుంతకల్లునుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు 1890లలో పడిన రైలుదారి వల్ల ఈ ప్రాంతానికి బెంగళూరే దగ్గర. కోలారు గనులు, 1894లో మొదలైన మైసూరు భూగర్భ శాఖ, తర్వాత 1958లో ఏర్పడిన జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా, అన్నీ కలిసి బెంగళూరును దక్షిణాది శిలాశాస్త్రానికి కేంద్రం చేశాయి. ఆ సొసైటీని దశాబ్దాలపాటు నడిపిన బి.పి. రాధాకృష్ణ సెంట్రల్ కాలేజీ విద్యార్థే.

అనంతపురంలో 1916లో దత్తమండలాల కళాశాల తెరుచుకుంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కేంద్రం ఎక్కడ ఉండాలన్నది పెద్ద వివాదమైంది. అనంతపురంలో పెట్టాలన్న వాదన నెగ్గలేదు. దత్తమండలాల కళాశాలలు చివరికి మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే నిలిచాయి. ఆ అసంతృప్తి ఎంత లోతైనదో 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో కనిపిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం నెలకొన్న వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని అందులో రాసుకున్నారు. సీమ నాయకులు నదీజలాలతో సమానంగా చదువును అడిగారన్న సంగతిని ఈనాటి వారు తరచూ మరిచిపోతారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖ 1940లలో రూపుదిద్దుకుంది. సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, హైదరాబాదు సంస్థానపు భూగర్భ సర్వేలో పనిచేసివచ్చిన కాలమూరు మహదేవన్ దాన్ని పెంచి పెద్దచేశాడు. 1962లో మరణించేదాకా ఆయన ఆ శాఖతోనే ఉన్నాడు. తెలుగునేలమీద భూవిజ్ఞాన ఆనర్స్ చదువుకు గట్టి పునాది అక్కడ పడింది. విద్యార్థులకు 1919 నాటి వాడియా పుస్తకం, 1943లో వచ్చిన ఎం.ఎస్. కృష్ణన్ పుస్తకం ముఖ్య ఆధారాలు. కృష్ణన్ ఆ తర్వాతి కాలంలో భూగర్భ సర్వేక్షణ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరయ్యాడు. అయినా పెనుకొండ కుర్రాడికి వాల్తేరు బెంగళూరుకన్నా ఎంతో దూరం.

1950ల చివర మూడేళ్ల డిగ్రీ పద్ధతి వచ్చి పాత ఆనర్స్ కనుమరుగైంది. లోతైన చదువు ఎమ్మెస్సీకి మారింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రావడంతో రాయలసీమ విద్యార్థికి భూవిజ్ఞానం కొంత దగ్గరయింది. దాని పీజీ కేంద్రం 1968లో అనంతపురానికి వచ్చి, 1981లో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. శ్రీబాగ్‌లో అడిగింది అందడానికి నలభై ఏళ్లకు పైనే పట్టింది.

భూవిజ్ఞాన డిగ్రీలో గది పాఠం సగం మాత్రమే. ఖనిజాలు, స్ఫటికాలు, శిలలు, శిలాజాలు, స్తరాలు పుస్తకంలో చదివి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన రాతి పలకను సూక్ష్మదర్శినిలో చూసి, చివరికి సుత్తి, భూతద్దం, బ్రంటన్ దిక్సూచి పట్టుకొని గుట్టలెక్కాలి. ఆ పనికి ఈ సీమకన్నా మంచి పాఠశాల దొరకడం కష్టం. లేపాక్షిలో వీరభద్రాలయం నిలిచిన బండ, ఒకే రాతిలో మలిచిన నంది గ్రానైట్, నీస్ శిలల పాఠం. అవి 250 కోట్ల ఏళ్లకు అటూ ఇటూగా ఏర్పడినవి. రామగిరి దగ్గర అంతకన్నా పాతవైన, సుమారు 270 కోట్ల ఏళ్లనాటి లావా శిలలు షిస్ట్‌గా మారి కనిపిస్తాయి. తూర్పుకు తాడిపత్రి, పులివెందుల వైపు వెళితే ఆ పాత నేలమీదనే కడప హరివాణపు గులకరాతి పొరలు, ఇసుకరాళ్లు, సున్నపురాళ్లు పరుచుకొని ఉంటాయి. రెండింటి నడుమ ఉన్న గీతలో కోట్లాది ఏళ్ల కోత దాగి ఉంది. ఒక్కరోజు ప్రయాణంలో విద్యార్థి ఇంత కాలాన్ని దాటగలడు.

వీటన్నిటిలో పెనుకొండ డైక్ ప్రత్యేకం. పగుళ్లలోకి ఎగదన్నిన శిలాద్రవం గడ్డకట్టి నల్లటి గోడలా నిలిచిన డాలరైట్ ఇది. స్థానికులు నల్లరాయి అని పిలిచే రకం. కెనడా శాస్త్రజ్ఞులు, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి దీనిలోని ఖనిజంలో యురేనియం, సీసం పాళ్లు కొలిచి 2007లో వయసు ప్రకటించారు. అది దాదాపు 236.5 కోట్ల ఏళ్లు. బెంగళూరుకు దక్షిణాన ఉన్న హారోహళ్లి డైక్ వయసూ ఇంచుమించు అంతే. అంటే వందలాది కిలోమీటర్ల మేర నేల ఒకే విడతలో చీలి శిలాద్రవం నిండిందన్నమాట. శిలలో మిగిలిన అయస్కాంత జాడను బట్టి ఆ కాలంలో ఈ భూఖండం ఏ అక్షాంశం దగ్గర ఉండేదో కూడా వాళ్లు లెక్కగట్టారు. కృష్ణదేవరాయల వేసవి విడిదిగా చరిత్ర పుస్తకాలకు ఎక్కిన పెనుకొండ ఇలా ప్రపంచ భూవిజ్ఞాన సాహిత్యంలోకీ ఎక్కింది. ఈ సంగతి పెనుకొండ బడిలో ప్రతి పిల్లకూ తెలియాల్సింది.

రైతుకు అదే డైక్ మరో రకంగా ముఖ్యం. భూగర్భ జలం పారే దారికి అది అడ్డుగోడ. ఎగువ పక్క బావిలో నీళ్లు నిలవొచ్చు, దిగువ పక్క బోరు ఎండిపోవచ్చు. గట్టి గ్రానైట్‌లో నీరు పైనున్న గరుసు మట్టిలోనూ, లోతు పగుళ్లలోనూ మాత్రమే ఉంటుంది. ఊటకాలువలు, దిగుడు బావులు పోయి బోర్లు వచ్చాక ఆ పగుళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడం బతుకు సమస్యయింది. లోతుకు వెళ్లిన కొద్దీ రాతిలోని ఫ్లోరైడ్ నీటిలో కలిసి పళ్లను, ఎముకలను దెబ్బతీసింది. 1995లో సత్యసాయి తాగునీటి పథకం వందలాది ఊళ్లకు కుళాయి నీరు తెచ్చిన నేపథ్యం ఇదే. రాష్ట్ర భూగర్భ జల శాఖ, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం భూవిజ్ఞానికి కొత్త పని ఇచ్చాయి. కొబ్బరికాయ పట్టి బోరు గుర్తు పెట్టే అలవాటు ఇంకా ఉన్న పల్లెల్లో విద్యుత్ నిరోధం కొలిచే పరికరంతో వచ్చే కుర్రవాడు ఆ శాఖ ద్వారానే పరిచయమయ్యాడు. బంగారం కోసం మొదలైన శాస్త్రం చివరికి సింగాయభట్టు చేసిన పనికే తిరిగొచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆనర్స్ మళ్లీ ఈ దశాబ్దంలోనే వచ్చింది. 2020-21లో నాలుగో ఏడాది ఆనర్స్‌తో, విద్యార్థి బయట పనిచేసి నేర్చుకునే ఇంటర్న్‌షిప్‌తో కొత్త డిగ్రీ మొదలైంది. 2023-24లో ఒకే ప్రధాన శాస్త్రం చదివే పద్ధతి అమలయింది. పాత మద్రాసు ఆనర్స్ ఆలోచనే ఇది, వేరే లెక్కలతో. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఉన్నాయి. ఇంటర్న్‌షిప్‌కు ఈ జిల్లాలోనే కావలసినంత పని ఉంది: చెరువు కట్టలు, పూడిన ఊటకాలువలు, ఎండిన బోర్లు, మూసిన రామగిరి గనులు. నాలుగేళ్లలో ఒక్క చెరువు పరీవాహకాన్నయినా విద్యార్థి స్వయంగా పటం గీసేలా కళాశాలలు చూడాలి. ఆ పటం ఊరి పంచాయతీకి చేరాలి.